కారు సౌండు మారిందా? షెడ్డుకెళ్ళే ముందు ఇంటిదగ్గరే ఇలా పట్టుకోవచ్చు

మాది అమలాపురం పక్కన కాలవ గట్టు మీద ఊరండి. ఇంటికి ఒకటే కారు, పదకొండేళ్ళ నాటి చిన్న డీజిల్ బండి. అమ్మని చెకప్పుకి కాకినాడ తీసుకెళ్ళాలన్నా అదే, పిల్లల్ని బడికి దింపాలన్నా అదే, సంక్రాంతికి అక్కావాళ్ళొస్తే అందరం సర్దుకుని అంతర్వేది వెళ్ళేదీ అదే, కొబ్బరి దింపు తీశాక ఇంటికుంచుకున్న కాయల బస్తా కూడా దాని డిక్కీలోనే. అలాంటి బండికి మూడేళ్ళ క్రితం ముందువైపు కింద టకటకమని మొదలైంది. షెడ్డుకి తీసుకెళ్ళి "ఏదో సౌండు వస్తోందండి" అన్నాను, అంతకుమించి చెప్పడానికి నేనేమీ గమనించలేదు. షాకబ్జార్లు పోయాయన్నారు, ముందు రెండూ మార్పించేశాం, పదకొండు వేలు అయ్యింది. మర్నాడు గట్టు రోడ్డెక్కితే మళ్ళీ అదే టకటక.

మా నాన్న చేలకి నీళ్ళు పెట్టే ఆయిలింజన్ ఇరవయ్యేళ్ళు తిప్పిన మనిషి, మోత వింటే చాలు ఏది వదులైందో చెప్పేస్తారు. ఆ రోజు ముందు సీట్లో కూర్చుని అద్దం దించి "నువ్వు నెమ్మదిగా పోనియ్యరా, నేను వింటాను" అన్నారు. రెండు కిలోమీటర్లు వెళ్ళాక "పెద్ద గోతిలో దిగినప్పుడు రావట్లేదు చూడు, చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళలోనే వస్తోంది, అదీ నా కాళ్ళ కిందే" అన్నారు. ఇంటికొచ్చి స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ఇంజన్ ఆపేసి, చక్రం వెనక చెయ్యి పెట్టి లింక్ రాడ్డు పట్టుకుని గట్టిగా ఊపాను. చిటికెనవేలంత లావు రాడ్డు, పైనా కిందా చిన్న బాల్ జాయింటు, దానిమీద రబ్బరు టోపీ ఉంటుంది. పైన బాగానే ఉంది కానీ కింద టోపీ చిరిగిపోయి లోపలి గ్రీజు ఇసకతో కలిసి నల్లటి బురదలా అయిపోయింది, ఊపిన ప్రతిసారీ అరచేతిలో టక్కుమని తెలిసిపోతోంది. రెండువైపులా లింకులు మార్పిస్తే కూలితో కలిపి రెండు వేలు కూడా అవ్వలేదు, సౌండు పూర్తిగా పోయింది. అప్పట్నుంచి ఏ సౌండు వచ్చినా నాన్న చేసినట్టే ముందు ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది అనేది తేల్చుకున్నాకే పానా పట్టుకుంటున్నాం. ఎవరైనా చేసుకోగలిగిందే కాబట్టి మొత్తం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది, బండి ఆగి ఉన్నప్పుడు కూడా వస్తోందా లేక కదిలితేనే వస్తోందా అని. ఇంటిముందు న్యూట్రల్‌లో పెట్టి కొంచెం ఎక్సలేటర్ ఇవ్వండి. అక్కడే వస్తే ఇంజన్, బెల్టు, సైలెన్సర్, ఏసీ వైపు వెతకాలి, చక్రాల జోలికి వెళ్ళక్కర్లేదు. కదిలితేనే వస్తే ఖాళీ రోడ్డుమీద 40 స్పీడులో మూడో గేరులో కాసేపు, అదే 40లో నాలుగో గేరులో కాసేపు వెళ్ళి చూడండి. స్పీడు మారలేదు, ఇంజన్ తిరుగుడు మాత్రం మారింది కదా, సౌండు కూడా మారితే ఇంజన్ వైపు, ఏమీ మారకపోతే చక్రాలు, బేరింగులు, టైర్ల వైపు అన్నమాట. క్లచ్ నొక్కి బండిని దాని మానాన పోనిచ్చినా ఇదే తెలుస్తుంది. కానీ దయచేసి కదులుతుండగా తాళం తిప్పి ఇంజన్ ఆపొద్దండి, స్టీరింగు బిగుసుకుపోతుంది, రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు కూడా రాయిలా అయిపోతుంది.

ఇంకొకటి, ఎవరో ఒకర్ని తోడు తీసుకెళ్ళండి. నడిపేవాళ్ళకి అన్ని సౌండ్లూ స్టీరింగు దగ్గర్నించే వస్తున్నట్టు ఉంటాయి. పక్కనున్న మనిషిని కాసేపు ముందు, కాసేపు వెనక కూర్చోబెట్టండి, ఏసీ, పాటలు ఆపేసి అద్దాలు దించండి. పొడుగ్గా ప్రహరీ గోడ ఉన్నచోట, స్కూలు గోడైనా రైసు మిల్లు గోడైనా పర్లేదు, దాని పక్కనే 20 స్పీడులో వెళ్ళండి, చక్రం దగ్గరి చప్పుడు గోడకి తగిలి తిరిగి చెవిలోకి వస్తుంది. ఒకసారి గోడ ఎడం పక్కన ఉండేలా, తిరిగొచ్చేటప్పుడు కుడి పక్కన ఉండేలా వెళ్తే ఏ వైపు చక్రమో కూడా తేలిపోతుంది. ఎగుడుదిగుడు సౌండ్లకి మన గట్టు రోడ్లని మించిన పరీక్ష లేదు, స్పీడు మీద వచ్చే సౌండ్లకి మాత్రం 216 హైవే ఎక్కాల్సిందే. వంతెనల మీద అతుకుల దగ్గర వచ్చే దడ్ దడ్ బండిది కాదు, యానాం ఎదుర్లంక వంతెన మీద మొదటిసారి విని కంగారుపడేవాళ్ళు ఉంటారు.

బెంగపడాల్సిన పని లేనివి కూడా ఉన్నాయి. రాత్రంతా వాన పడ్డాకో, ధనుర్మాసం మంచులో బయట పెట్టాకో, పొద్దున్న మొదటి నాలుగైదు బ్రేకులకి గర్రుమంటుంది. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు ఇనుమే కదా, రాత్రికి రాత్రే పల్చగా తుప్పు పడుతుంది, డిస్కుని నొక్కి ఆపే ప్యాడ్లు దాన్ని గీకేసేదాకా అంతే. వీధి చివరికెళ్ళేసరికి పోతే అది లోపం కాదు.

పోకుండా బ్రేకు తొక్కిన ప్రతిసారీ సన్నగా కీచుమంటుంటే అది హెచ్చరిక. చాలా ప్యాడ్లకి ఒక చిన్న ఇనప రేకు ఉంటుంది, ప్యాడ్ అరిగాక అది డిస్కుకి తగిలి కావాలనే అలా అరుస్తుంది. టార్చి వేసి చక్రం సందుల్లోంచి చూస్తే ప్యాడ్ మందం కనిపిస్తుంది, కొత్తది 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చేయాలి. బయట ప్యాడ్ బాగుందని ఊరుకోకండి, లోపలిది ముందు అరిగిపోయే బళ్ళు చాలా ఉన్నాయి, చక్రం విప్పించి రెండూ చూడండి. కీచు కాస్తా గరగరగా మారి పెడల్ కింద కూడా తెలుస్తోందంటే ప్యాడ్ అయిపోయి ఇనుము ఇనుముని తినేస్తోందని అర్థం, ఇంక ఆ బండి నడపకూడదు. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వెళ్తుందనేది ఒకటి, అసలు రావులపాలెం దగ్గర హైవే మీద లారీ వెనకాల బ్రేకు పడకపోతే ఏంటి పరిస్థితి అనేది రెండోది.

బ్రేకు తొక్కకపోయినా చక్రం దగ్గర చెవులు చిల్లులు పడేలా కీచుమంటూ, అదీ ఉన్నట్టుండి మొదలైందా? మెటల్ రోడ్డు మీంచి వచ్చారేమో గుర్తు చేసుకోండి. డిస్కుకీ దాని వెనకాల రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటుంది. నెమ్మదిగా నాలుగైదు సార్లు వెనక్కీ ముందుకీ నడిపితే చాలాసార్లు రాలిపోతుంది. రాలకపోతే చల్లారాక చక్రం విప్పి స్క్రూడ్రైవర్‌తో రేకుని కొంచెం జరిపితే పడిపోతుంది.

ఇప్పుడు హూం... అని వచ్చే సౌండు. 40 దాటాక మొదలై, స్పీడు పెరిగేకొద్దీ పెరిగి, 80లో మాట వినపడనీకుండా చేసేది. టైరు అయినా అవ్వాలి, వీల్ బేరింగు అయినా అవ్వాలి, ఈ రెండిట్లో చాలామంది పొరబడతారు. నున్నటి తారు మీంచి గరుకు సిమెంటు రోడ్డు మీదకి రాగానే సౌండు మారిపోతే టైరు. టైరు మీద అరచేతితో చుట్టూ రాయండి, మెట్లుమెట్లుగా తగిలితే అదే, అలైన్‌మెంట్ తప్పో షాకబ్జార్ తేలిపోయో అలా అరిగింది. రోడ్డు మారినా సౌండు మారకుండా, మలుపుల్లో మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటే బేరింగు. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడుతుంది కదా, అందుకని బండి ఎడం పక్కకి తిరుగుతున్నప్పుడు మోత పెరిగితే మామూలుగా కుడి బేరింగు, కుడి పక్కకి తిరిగినప్పుడు పెరిగితే ఎడమది. తర్వాత ఆ చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం లొటలొట ఆడుతుంది. ఆడకపోయినా సరే, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగు మీద ఆనించండి, బేరింగు పోతే ఇసక రుబ్బుతున్నట్టు వేళ్ళకి తెలుస్తుంది.

మన ప్రాంతంలో బేరింగులు పోవడానికి నీళ్ళే పెద్ద కారణమని నా నమ్మకం. 2022 జులై వరదలప్పుడు మా బావగారు గోదావరి మధ్య లంకలో ఉన్న చుట్టాల్ని తీసుకురావడానికి చక్రం సగం మునిగే నీళ్ళలో బండి దింపారు, రెండు నెలలు తిరిగేసరికి వెనక చక్రం మోత మొదలైంది, విప్పితే బేరింగు లోపల గ్రీజు పాలు కలిపిన టీ రంగులో ఉంది. సీలు కొంచెం అరిగి ఉంటే చాలు నీళ్ళు లోపలికెళ్ళిపోతాయి, సౌండు మాత్రం వెంటనే రాదు. అలా నీళ్ళలోంచి బండి వచ్చిందంటే ఆ వారంలోనే బేరింగులు, బ్రేకులు, సీవీ జాయింటు (ఇంజన్ తిరుగుడుని ముందు చక్రానికి అందించే ఇరుసు చివర ఉండే కీలు) రబ్బర్లు చూపించండి. ఒకవేళ నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు, తోసుకుని బయటికి తెచ్చుకోండి, సిలిండర్‌లోకి నీళ్ళు పోయి ఉంటే ఆ ఒక్క సెల్ఫుకే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

సీవీ జాయింటుది చాలా తేలిగ్గా దొరుకుతుంది. ఖాళీ స్థలంలో, గుడి ముందైనా కళ్ళం దగ్గరైనా, స్టీరింగు ఒక పక్కకి ఫుల్లుగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరగండి, తర్వాత రెండో పక్కకి. కట్ కట్ కట్ అని చక్రంతో పాటు వస్తే అదే. ముందు చక్రాల లోపలివైపు మడతలు మడతలుగా రబ్బరు బూటు ఉంటుంది, అది చిరిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి. సౌండు రాకముందే చిరిగిన సంగతి చూసుకుంటే బూటు, గ్రీజు మార్చుకుని బయటపడొచ్చు, సౌండు మొదలయ్యాక జాయింటే మార్చాలి. అందుకే నేను పంక్చరు వేయించిన ప్రతిసారీ, చక్రం ఎలాగూ విప్పుతారు కదా అని, ఆ బూటు మీద ఓ చూపు వేస్తాను.

సస్పెన్షన్ సంగతి లింక్ రాడ్డు దగ్గర కొంత చెప్పాను. చిన్న గతుకులకి టకటక అంటే లింకులు, బ్రేకు వేసినప్పుడూ క్లచ్ వదిలినప్పుడూ ఒక్కసారి దబ్ మంటే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షులు, ఆగి ఉండగా స్టీరింగు తిప్పితే టంగ్ మని స్ప్రింగు ఎగిరినట్టు వస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంటు. బండి మూల గట్టిగా నొక్కి వదిలాక ఒకసారి లేచి సర్దుకోవాలి, ఊగుతూనే ఉంటేనో, షాకబ్జార్ బాడీ నూనె కారి దుమ్ము పట్టి ఉంటేనో అప్పుడు షాకబ్జార్ మాట ఆలోచించాలి. సౌండు ఒక్కటే విని మార్చేయకండి.

ఇంజన్ వైపుకొస్తే, పొద్దున్నే స్టార్ట్ చేయగానే పందిపిల్ల అరిచినట్టు కీచుమని, నిమిషానికి తగ్గిపోయేది బెల్టు. వానాకాలం మన దగ్గర ఇది చాలా బళ్ళకి వస్తుంది. ఇంజన్ నడుస్తుండగా బెల్టు గాడుల వైపు కొంచెం నీళ్ళు చిలకరించండి, దూరం నుంచి సీసాతోనే. కీచు కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీ ఏదో వరస తప్పింది, నీళ్ళు పడగానే ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, టెన్షన్ చూడాలి. కొత్త బెల్టు వేసినా పోలేదంటే తిరిగే పుల్లీల బేరింగుల్లో ఏదో ఒకటి పోయి ఉంటుంది. బానెట్ లేపి ఇంజన్ నడుపుతున్నప్పుడు లుంగీలు, తువ్వాళ్ళు, చీర కొంగులు, జడలు దగ్గరికి రానివ్వొద్దండి, చెయ్యి అస్సలు పెట్టొద్దు, రేడియేటర్ ఫ్యాన్ అయితే ఇంజన్ ఆపాక కూడా చెప్పకుండా తిరుగుతుంది.

పైన టిక్‌టిక్‌టిక్ అని కుట్టుమిషన్‌లా వస్తుంటే ఏ మెకానిక్కు దగ్గరికీ వెళ్ళకముందు ఆయిల్ చూడండి. చదునైన చోట ఆపి పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తియ్యాలి. తక్కువుంటే మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడే పొయ్యండి. పోశాక తగ్గిపోతే సరి, అయితే అంత ఆయిల్ ఎటు పోయిందో కనుక్కోవాలి మరి. డీజిల్ బండి చల్లగా ఉన్నప్పుడు కొంచెం కటకటలాడటం దాని స్వభావం.

ఇంజన్ తిరుగుడుతో పాటు కింద రేకుడబ్బా అదిరినట్టు జర్రుమంటుంటే సైలెన్సర్ పైన వేడికి అడ్డంగా ఉండే హీట్ షీల్డు రేకు. ఓడలరేవు, అంతర్వేది వైపు, సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఆ రేకు బోల్టులు తొందరగా తుప్పు తినేస్తాయి. బండి పూర్తిగా చల్లారాక గుడ్డ చుట్టుకున్న చేత్తో సైలెన్సర్ పొడుగునా తట్టుకుంటూ వెళ్తే ఎక్కడ అదురుతోందో దొరుకుతుంది, పెద్ద సైజు స్టీలు హోస్ క్లాంపు ఒకటి బిగిస్తే ఏళ్ళ తరబడి ఆగుతుంది. ఇక్కడే ఇంకో మాట. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు రోడ్డుమీద ధాన్యం, గడ్డి ఉంటాయి, వాటిమీంచి వెళ్ళాక కింద చర్ర్ అని రాసుకుంటున్న సౌండు వస్తే వరిగడ్డి ఇరుక్కుని ఉంటుంది. సౌండుదేముంది, సైలెన్సర్ వేడికి ఎండుగడ్డి అంటుకుంటే బండే పోతుంది. ఆపి, చల్లారనిచ్చి, కర్రతో లాగేయండి, గడ్డిమీద మాత్రం బండి పార్క్ చెయ్యొద్దు.

క్లచ్ నొక్కితేనే గుయ్యిమంటే రిలీజ్ బేరింగు, నొక్కితే ఆగిపోయి వదిలితే వస్తుంటే గేర్‌బాక్సు లోపలి బేరింగు. రెండూ ఇంటిదగ్గర అయ్యే పని కాదు.

ఏసీ బ్లోయర్‌లో ఫట్‌ఫట్ అని వస్తుంటే ఆకో కొబ్బరి పీచో వెళ్ళిందనుకోండి. చేలల్లో నీళ్ళు నిలిచాక ఎలకలు ఇళ్ళవైపు వస్తాయి, ఇంజన్ వెచ్చగా ఉంటుంది కదా, అందులోనే కాపురం పెడతాయి. మా బండిలో ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ తీస్తే గుప్పెడు పీచు, వడ్లపొట్టు, నమిలేసిన స్పాంజి ముక్కలు బయటపడ్డాయి. గూడు కనిపిస్తే అక్కడితో ఆగకుండా వైర్లు కూడా చూడండి.

లోపలి గలగలల కోసం ముందు బండి మొత్తం ఖాళీ చెయ్యండి. డిక్కీ మ్యాటు కింద జాకీ, దాని హ్యాండిలు, స్టెప్నీ మీద బిగించే మర, డోరు అరల్లో నీళ్ళ సీసాలు, వాడని సీటుబెల్టు బకిలు ప్లాస్టిక్కుకి కొట్టుకోవడం, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, అన్నీ చూడండి. స్టెప్నీ బిగించి ఉందో లేదో చేత్తో ఊపి చూడటానికి అర నిమిషం పట్టదు.

ఇంక ఈ కొన్నిటికి మాత్రం ఇంటిదాకా వెళ్దాం అనుకోకుండా అక్కడికక్కడే పక్కన ఆపాలి. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగి ఇంజన్ అడుగునుంచి దబదబమని కొడుతుంటే వెంటనే ఇంజన్ ఆపేయండి, ఇంకో కిలోమీటరు నడిపితే ఇంజనే పోవచ్చు. చక్రం మార్చిన కాసేపటికి దడదడమంటూ స్టీరింగు ఊగుతుంటే నట్లు వదులయ్యాయి. టైరు తిరిగే లెక్కన తప్‌తప్‌మని వస్తుంటే దిగి చుట్టూ చూడండి, మేకైతే గాలి చూసుకుంటూ పంక్చరు షాపుదాకా వెళ్ళొచ్చు, పక్కన బుడిపెలా ఉబ్బితే స్టెప్నీ వేసుకోవాల్సిందే. బ్రేకు గరగర సంగతి ముందే చెప్పాను.

జాకీ పెట్టాల్సి వస్తే గట్టు మీద మట్టి మెత్తగా ఉంటుంది, దిగబడిపోతుంది, కింద మందపాటి చెక్క వెయ్యండి, మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల, చెయ్యి పెట్టొద్దు, ఎంత చిన్న పనైనా సరే.

షెడ్డుకి వెళ్ళినప్పుడు "సౌండు వస్తోంది" అని కాకుండా "పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు రావట్లేదండి, పది కిలోమీటర్లు వెళ్ళాక, 30 స్పీడులో, చిన్న గతుకులకి, ఎడం చక్రం దగ్గర" అని చెప్పి చూడండి, ఆయన వెతికే చోటే మారిపోతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, ఎందుకంటే షెడ్డు ముందుకి రాగానే రాని సౌండ్లు చాలా ఉంటాయి. అయినా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తీసుకెళ్ళడమే మంచిది, మెకానిక్కు చేతే నడిపించి మీరు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. ఏ పార్టు మార్చాలన్నా ముందు అది ఎలా ఆడుతోందో చూపించమని అడగండి, పని తెలిసినాయన సంతోషంగా చూపిస్తాడు. పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి.

పని అయ్యాక డబ్బులిచ్చేసి నేరుగా ఇంటికి రాకుండా, సౌండు ఏ రోడ్డులో, ఏ స్పీడులో వచ్చిందో అక్కడికే వెళ్ళి, అంతమంది ఎక్కి, అద్దాలు దించి ఒకసారి చూసుకోండి. చక్రాలు విప్పిన పని అయితే 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించి చూడాలి, చిన్న కార్లకి ఆ బిగింపు మామూలుగా 100 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, సరైన అంకె మీ బండి పుస్తకంలో ఉంటుంది. బిగింపు కొలిచే టార్క్ పానా లేకపోతే పంక్చరు షాపులో అడగండి, లేదా డిక్కీలో ఉన్న పానాతోనే, పైపు గట్రా తగిలించకుండా చేతి బలంతో, ఎదురెదురు నట్లు చొప్పున బిగించుకోండి.